పాతపేటల బాగులో పెద్దల పాలు



నేడు నేను మీకు విన్నవింపదలచినది పట్టణములలోని పాతపేటలను బాగుచేయుట యెట్లు అను సంగతి. "మేము పల్లెవారము, పట్టణపు గొడవ మాకేల?" యని మీలో కొందరు తలంపవచ్చును. మా జల్‌పల్లియు నొకప్పుడు పల్లెయే. రంగారెడ్డి జిల్లాలో హైదరాబాదు పాతబస్తీకి దక్షిణపుటంచున, పహాడీ షరీఫు గుట్టకు చేరువను, తన చెరువును, తన పొలమును, తన మేతబీడును నమ్ముకొని యీ యూరు బ్రతికెడిది. ఊరివారు పట్టణమునకు పోలేదు. పట్టణమే ఊరివాకిటికి నడచి వచ్చినది. 2016లో ఇచ్చట పురపాలకసంఘ మేర్పడినది. 2025 డిసెంబరులో ఆ సంఘమును మహానగరపాలనలో కలిసినది. ఒక్క మనిషి యెన్నికలలో పంచాయతీకి, పురపాలకసంఘమునకు ఓటువేసి, ఇప్పుడు మహానగరపు వార్డులో నిలిచియున్నాడు. మీ యూరికి నగర మింకను దూరమున నుండవచ్చును. అది వచ్చులోపల తెలిసికొనవలసిన సంగతు లున్నవి. వానిలో ముఖ్యమైనదానిని నేను నష్టపడి నేర్చుకొంటిని. కావున ముందుగా నా కథయే చెప్పెదను.

నేను పుట్టి పెరిగినది పాతబస్తీలో. పత్తర్‌గట్టీలో నొక బట్టలకొట్టున గుమాస్తాగా చాలకాలము పనిచేసితిని. అద్దెయింటి బాధ పడలేక, జల్‌పల్లి వైపున ఒక చెరువు దాపున నూరు గజముల స్థలము చౌకగా వచ్చుచున్నదని విని కొంటిని. పునాది త్రవ్వించుచుండగా మేకలు మేపుకొనుచు నొక ముసలివాడు వచ్చి నిలిచెను. "బిడ్డా, ఇది చెరువు పండుకునే జాగ. ఇయ్యాల లేకపోతే లేదు గాని, నీళ్లు ఎన్నటికైనా తన జాగకు తాను వస్తయి" అనెను. నేను నవ్వి యూరకుంటిని. నా చేత కాగితమున్నది. ఆయనచేత కఱ్ఱ యున్నది. కాగితమే గొప్పదనుకొంటిని.

2020 అక్టోబరు 13వ తేదీన కురిసిన వాన మీకును జ్ఞాపకముండును. ఆ రాత్రి మా యింట నడుములోతు నీరు నిలిచినది. పిల్లలను మేడపై కెక్కించి, బియ్యపు డబ్బా నొకటి పట్టుకొని, తెల్లవారువరకు మెట్లపై గూర్చుంటిమి. మా కష్టము చిన్నది. జల్‌పల్లి పురపాలకసంఘపు హద్దులోని ఉస్మాన్‌నగరులో బుర్హాన్‌ఖాన్ చెరువు నీరు చేరి, ఇండ్లు నెలలతరబడి మునిగియున్నవి. ఆ వారములోనే బాలాపూరు గుఱ్ఱము చెరువుకట్ట తెగి, దిగువనున్న పాతబస్తీ కాలనీలు కొట్టుకొనిపోయినవి. ఆనాడు నాకు తోచినది: పటము గీచినవారు, స్థల మమ్మినవారు, కొన్న నేను, మాలో నెవ్వరును అడుగవలసినవానిని అడుగలేదు. అడుగకయే చెప్పవచ్చినవానిని వినలేదు. పాతపేటల బాగునుగూర్చి నేను చెప్పబోవున దంతయు నీ యొక్కమాటకు వ్యాఖ్యానమే.

పాతపేట యనగా నేమి? కొట్టు, ఇల్లు, కార్ఖానా, గుడి, మసీదు, బడి, సంత యన్నియు నొకే వీధిలో నల్లుకొని యున్న తావు. చార్మినారును మహమ్మదు కులీ కుతుబ్‌షా 1591లో కట్టించెను. దానిచుట్టు నాలుగుదిక్కుల వీధులలో నాటినుండి నేటివరకు వర్తకమును సంసారమును కలిసియే సాగుచున్నవి. లాడ్‌బజారులో మెఱయు లక్కగాజులను చూడుడు. ఆ గాజులలో పెక్కు వెనుక సందులలోని యిండ్లలోనే తయారగును. ఇంటాయన లక్కను నిప్పుపై కాచి కడ్డీలు తీయును. ఇల్లాలు రాళ్లు పొదుగును. ముంగిటనే బేరగాడు వచ్చి కొనిపోవును. ఈ లక్కగాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇప్పుడొక అధికారి పటముపై ఆ సందును "కేవలము నివాసస్థలము" అని రంగువేసినచో, ఆ లక్కపొయ్యి నేరమగును. "కేవలము వాణిజ్యస్థలము" అని మఱియొక రంగువేసినచో, అద్దె పెరిగి ఆ సంసారమే లేచిపోవును. రెండు రంగులలో దేనివలననైనను గాజు చెడును.

ఇట్లు కలిసియుండుట పూర్వుల తెలివితక్కువయని కొందరనుకొందురు. నేను పనిచేసిన పత్తర్‌గట్టీయే దీనికి సమాధానము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదును ముంచివేసెను. వేలకొలది జనము నశించిరి. పిమ్మట నిజాముప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని రప్పించినది. నగరమును కాపాడవలెనన్న వరదను నగరమునకు ఎగువనే ఆపవలెనని ఆయన చెప్పెను. ఆ యాలోచన ననుసరించియే మూసీపై ఉస్మాన్‌సాగరు 1920 నాటికి, ఈసీవాగుపై హిమాయత్‌సాగరు 1927 నాటికి సిద్ధమైనవి. నగరములోని వీధులను, ఇండ్లను బాగుచేయుటకు 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు అను సంఘ మేర్పడినది. ఇరుకైన మురికివాడలను తీసి వెడల్పైన బాటలు వేసిన ఆ సంఘమువారే పత్తర్‌గట్టీ రాతికమానులను కట్టించిరి. క్రింద కొట్లు, కొట్లముందు ఎండవానలకు నీడనిచ్చు వసారా, పైన కాపురములు. వెడల్పుబాట వేయుట తెలిసినవారికి కొట్టును కాపురమును విడదీయుట తెలియక కాదు. కలిపియుంచుటలో మేలు కలదని యెఱిగియే కలిపిరి. రాత్రివేళ పైన మనుష్యులుండుటచేత క్రింది కొట్టుకు కావలి. పగలు క్రింద కొట్టుండుటచేత పైవారికి పని, సరకు, సందడి.

ఆ కాలపు పనిలో మఱియొక పాఠము కలదు. వారు ముందు నీటి సంగతి చూచిరి, పిమ్మట బాట, ఆ పిమ్మట ఇల్లు. నేను జల్‌పల్లిలో చేసినది దీనికి తలక్రిందులు. ముందు ఇల్లు కట్టితిని. తరువాత బాట కొఱకు అర్జీలు పెట్టితిని. నీరు తన సంగతి తానే చూచుకొన్నది.

ఇక పాతపేటను ముట్టుకొనువాడు ఏ గుణము కలవాడై యుండవలెనో చెప్పుటకు ఒక దొరను తలచుకొందును. స్కాట్లండు దేశస్థుడైన పాట్రిక్ గెడ్డీసు అను నాయన మొదట జీవశాస్త్రము చదివినవాడు. పట్టణములను గూర్చిన పటములు, చిత్రములు సేకరించి ప్రదర్శన చేయుటకు 1914లో మనదేశమునకు బయలుదేరెను. ఆ సామానులు వచ్చుచున్న ఓడను జర్మనుల ఎండెను అను యుద్ధనౌక ముంచివేసెను. ఆ యేటనే సెప్టెంబరులో చెన్నపట్టణముపై గుండ్లు కురిపించి చమురుతొట్లను తగులబెట్టిన యెండెనే యిది. స్నేహితులు మరల సామగ్రి కూర్చి పంపగా, 1915లో చెన్నపట్టణమున ఆ ప్రదర్శన జరిగినది. పిమ్మట ఆయన చెన్నరాజధానిలోని ఊరూరు తిరిగి, ఆయా పట్టణముల బాగును గూర్చి నివేదికలు వ్రాసెను.

ఆయన పద్ధతి సులభము. ముందు కాలినడకను సందులన్నియు తిరుగవలెను. ఎక్కడ బావి యున్నది, ఏ చెట్టుక్రింద జనము కూర్చుందురు, ఏ యిల్లు కూలినది, ఏ గోడ గట్టిది యని చూడవలెను. ఆ పిమ్మటనే కలము పట్టవలెను. ఊరి నడుమనుండి తిన్నని బాట గీచి అడ్డువచ్చిన యిండ్లన్నిటిని పడగొట్టుట రోగి కాలికి పుండుపడినదని కాలే తీయుట వంటిదని ఆయన భావము. దానికి బదులుగా కూలిన యింటిని తీసి అచ్చట చిన్నబయలు చేయుట, మూసిన సందును తెరచుట, అడ్డమైన గోడ నొకదానిని జరుపుట చాలునని చూపెను. తక్కువ కోతతో ప్రాణము నిలుపు వైద్యమని దీనిని చెప్పవచ్చును. ఖర్చును తక్కువ, ఇల్లు పోగొట్టుకొని యేడ్చువారును తక్కువ.

1917 ప్రాంతమున ఇండోరు సంస్థానములో ఆయన చేసిన పని మీకు నచ్చును. ప్లేగు భయముతో ప్రజలు దిగులుపడియుండగా, దీపావళి ఊరేగింపు ఏ వీధులు శుభ్రముగా నుండునో ఆ వీధులగుండ పోవునని చాటింపించెను. వీధికొకరు పోటీపడి ఇండ్లకు సున్నము కొట్టించిరి; చెత్త బండ్లకొలది తరలిపోయినది. ఊరేగింపులో రాక్షసుల బొమ్మలతోపాటు ప్లేగు తెచ్చు ఎలుకబొమ్మ నొకదానిని నడిపించిరట. జరిమానాతో కానిపని పండుగతో నైనది. ఊరివారి స్వభావ మెఱిగి పనిచేయుట యనగా నిదియే.

ఇది దొరల కాలపు ముచ్చటయే కాదు. 1967లో హైదరాబాదు నగరపాలకసంస్థ బస్తీల బాగు కొఱకు పట్టణ సముదాయాభివృద్ధి యను పథకమును ప్రారంభించినది. ఉద్యోగి బస్తీకి పోయి "మీకిది కట్టించెదము" అని చెప్పుటకు బదులు, "మీకేమి కావలెను? దానిలో మీరేమి చేయగలరు?" అని అడుగుట దాని పద్ధతి. బస్తీవారు సంఘములుగా కూడిరి. చిన్నపిల్లల బడులు, స్త్రీలకు కుట్టుపని నేర్పు కేంద్రములు వెలసినవి. కొన్ని బస్తీలలో పట్టాలు పొంది, బ్యాంకుల అప్పు తెచ్చుకొని, తమ చేతికష్టము కలిపి, జనులే యిండ్లు కట్టుకొనిరి. తాను చెమటయోడ్చి కట్టినదానిని మనిషి కాపాడుకొనును. ఇతరులు కట్టి యిచ్చినది పాడైనపుడు ఇతరులనే పిలుచును.

ఇప్పుడు మరల మా జల్‌పల్లికి వత్తము. ఇచ్చటి వీధులలో కిరాణాకొట్టు, కుట్టుమిషను, వడ్రంగిపని, పాలబఱ్ఱెలు, తుక్కుసామాను గోదాములు, ప్లాస్టికును కరిగించు షెడ్లు యన్నియు కలిసియున్నవి. పాతబస్తీలో చోటుచాలని పనులును, అద్దె చెల్లింపలేని కుటుంబములును ఈ యంచునకు చేరినవి. వీనినన్నిటిని ఒక్కపెట్టున తీసివేయవలె ననువారు కొందరు. ఏదియు ముట్టరాదను వారు కొందరు. నా మనవి యేమనగా, పొరుగువానికి కలుగు హానిని కొలతబద్దగా పెట్టుకొనుడు. గాజులు, కుట్టుపని, జరీపని, చిల్లరకొట్టు ఇంటిలో నుండుటవలన ఎవరికిని కీడులేదు; ఉండనిండు. సుత్తిదెబ్బల పనికి వేళ నియమింపుడు. పొగ, విషపునీరు, అగ్నిభయము కలిగించుదానిని కాపురముల నడుమనుండి తీసి వేఱు తావు చూపుడు. ఆ తావు పనివాడు నడచి పోగలిగినంత దూరములో నుండవలెను. కాదేని కొన్నినాళ్లకే ఆ పని మరల ఇంటివెనుకకు దొంగచాటుగా వచ్చును.

నీటి విషయములో మాత్రము బేరము పనికిరాదు. మన చెరువులు గొలుసుకట్టుగా నున్నవి. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు పోవలెను. నడుమ కాలువను మూసి ఇల్లు కట్టినవాడు తన యింటిని ముంచుకొనుటయే కాక, తానెఱుగని వాని యింటినికూడ ముంచును. 2012నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము, 10 హెక్టారులు, అంతకు మించిన చెరువు హద్దునుండి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువునుండి 9 మీటర్లు వదలి కట్టవలెను. ఈ సంఖ్యలు కంఠస్థము చేయదగినవి. కాని చెరువు హద్దేది? శిఖము ఎక్కడివరకు? నీరు నిండినపుడు ఏ బండను తాకెడిది? పటములో గీత యున్నను, ఆ గీత నేలపై ఎచ్చట పడునో చూపవలసినవాడు నిండుచెరువును కన్నులార చూచిన పెద్ద.

శిఖములో ఇదివఱకే కట్టుకొన్న నావంటి వారి సంగతి యేమి? ఇది కష్టమైన ప్రశ్న. తేలికమాట చెప్పి తప్పించుకొనను. మావి బీదబ్రతుకులు, జీవితమంతయు కూడబెట్టినది ఆ నూరు గజములలో నున్నది. రాత్రికి రాత్రి యంత్రము తెచ్చి పడగొట్టుట న్యాయము కాదు. నీటిదారిలో నున్నవారిని అచ్చటనే వదలి ప్రతి వానకాలమును దైవముపై భారము వేయుటయు న్యాయము కాదు. ముందు మత్తడిని, కాలువలను తెరవవలెను. అటుపిమ్మట తప్పనిసరిగా లేవవలసిన యిండ్లవారితో కూర్చుండి మాటలాడి, వారి పనిపాటలకు దగ్గరలో చోటు చూపి, ఆ తరువాతనే లేపవలెను. దీనికి కాలము పట్టును, ధనము పట్టును. ఆలస్యమైనకొలది రెండును పెరుగును.

మీరు చేయదగిన పనులు కొన్ని చెప్పి ముగింతును. మొదటిది, ఊరి బడిలో చదువు పిల్లలను వెంటబెట్టుకొని మీ గ్రామపు హద్దు, చెరువుకట్ట, తూము, మత్తడి, వాగు, బండ్లబాట, శ్మశానము, మేతబీడు నడచి చూపుడు. పిల్లలు వ్రాసికొందురు, పటము గీయుదురు. పాత పహాణీలతో సరిచూచి సర్వే నంబర్లు చేర్చుడు. రెండవది, ఏ యింట ఏ పని జరుగుచున్నదో వ్రాయుడు. అద్దెకున్నవారిని, బయటినుండి వచ్చినవారిని మఱువకుడు. నీరు మోయు స్త్రీలను ప్రత్యేకముగా అడుగుడు. ఏ మూల మురుగు నిలుచునో, ఏ సందులో దీపము లేదో వారికి తెలిసినంత మనకు తెలియదు. పెద్దలమైనంతమాత్రమున మనము సర్వజ్ఞులము కాము. మన చావడికి రాని వాడలు మన జ్ఞాపకములోను లేవు.

మూడవది, అధికారులు ప్రణాళిక ముసాయిదాను ప్రకటించినపుడు, ఆక్షేపణలు తెలుపుటకు గడువిత్తురు. ఆ గడువులో నోటిమాట పనికిరాదు. పటమును జతచేసి వ్రాతమూలకముగా నిచ్చి, రసీదు పుచ్చుకొనుడు. నాల్గవది, 2019నాటి తెలంగాణ పురపాలకచట్టము పురపాలకసంఘములలో ప్రతివార్డునకు నాలుగు సంఘముల నేర్పరచినది: యువజనులకు, స్త్రీలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు ఒక్కొక్కటి. ఒక్కొక్క సంఘమున పదునైదుగురు సభ్యులు. వృద్ధులకని చట్టమే పీట వేసినది. మీ యూరు పురపాలకసంఘమైన నాడు ఆ పీట ఖాళీగా నుండనీయకుడు. 1992లో జరిగిన 74వ రాజ్యాంగ సవరణమును పట్టణ ప్రణాళికను స్థానికసంస్థల పనులలో మొట్టమొదటిదిగా పేర్కొన్నది. కావున మీరడుగునది దయ కాదు, మీ హక్కు.

ఆ మేకలకాపరి యిప్పుడు లేడు. వరద తీసిన కొన్ని నెలలకు ఆయనను వెదకికొనుచు పోయితిని. ఆ కుంటపై నీరు ఏ దారిన దిగెడిదో, ఏ బండక్రింద పాత తూమున్నదో అడుగవలెనని నా కోరిక. ఆయన పోయి ఏడాదియైనదని కోడలు చెప్పినది. కొడుకులకు ఆ సంగతి తెలియదు. వారు పట్టణపు పనులలో పడినవారు. మా వీధి మురుగుకాలువ ఎటు త్రవ్వవలెనో యిప్పటికిని తేలలేదు; ప్రతి వానకాలమును ఒక దిక్కున త్రవ్వుచున్నారు, మఱియొక దిక్కున నీరు నిలుచుచున్నది.

మీ యూళ్లలో అట్టివారింకను నుందురు. మీలోనే యుందురు. అడుగువారు రాలేదని కూర్చుండక, మీరే పిలిచి చెప్పుడు. నవ్వినను చెప్పుడు. నేనును నవ్వినవాడనే.